దెబ్బతిన్న మనసు దేన్ని పట్టుకుని లేస్తుంది?

ఆ ఏడింటిలో ధైర్యం లేదు

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాలు కూలేనాటికి ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంటర్నెట్‌లో ఒక ప్రశ్నావళి నడుపుతున్నారు. ఒకరు మిషిగన్ విశ్వవిద్యాలయంలోని క్రిస్టఫర్ పీటర్సన్, మరొకరు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని మార్టిన్ సెలిగ్మన్. మనిషిలోని మంచి గుణాల్లో ఎవరికి ఏవి ఎక్కువో తేల్చే ప్రశ్నలవి. దాడి జరిగాక కూడా జనం జవాబులు పంపుతూనే ఉన్నారు. దాంతో అంతకుముందు వచ్చిన జవాబులనూ, తర్వాతి రెండు నెలల్లో వచ్చినవాటినీ పక్కపక్కన పెట్టి చూసే వీలు దొరికింది. మొత్తం 4,817 మంది. అమెరికన్ల జవాబుల్లో ఏడు గుణాలు పెరిగి కనిపించాయి: కృతజ్ఞత, ఆశ, దయ, నాయకత్వం, ప్రేమ, ఆధ్యాత్మికత, నలుగురితో కలిసి పనిచేసే తత్వం. పది నెలల తర్వాత కొంత తగ్గినా, పాత స్థాయి కంటే పైనే ఉన్నాయి. యూరప్ నుంచి జవాబిచ్చినవాళ్లలో ఈ పెరుగుదల లేదు.

ముందు జవాబిచ్చినవాళ్లు వేరు, తర్వాత ఇచ్చినవాళ్లు వేరు. కాబట్టి ఒక మనిషే అలా మారాడని దీన్నిబట్టి తేల్చలేం. అయినా ఆ ఏడింటినీ ఇంకోసారి చదవండి. ధైర్యం అందులో లేదు. ఉన్నవాటిలో ఎక్కువ భాగం పక్కన ఇంకో మనిషి ఉంటేనే పనిచేసేవి. మన దగ్గర పరామర్శకు వెళ్లినవాళ్లంతా ముందుగా అనే మాట ‘ధైర్యంగా ఉండు’. ఈ విశేషాలు ఏరుతున్నంతసేపూ ఆ మాటే నా మనసులో మెదులుతూ ఉంది. కష్టంలో ఉన్న మనిషిని ధైర్యం తెచ్చుకోమనడం ఎంత సులువో, ఆ మనిషికి అది అంత దూరం.

రోగాల చిట్టా సరే, బాగున్నవాటి సంగతేమిటి?

మానసిక వైద్యులకు రుగ్మతల జాబితా ఉంది. మనిషిలో సవ్యంగా ఉన్నవాటికీ అలాంటి జాబితా ఒకటి ఉండాలని పీటర్సన్, సెలిగ్మన్ 2004లో 800 పేజీలు దాటిన ఒక గ్రంథం తెచ్చారు. కన్ఫ్యూషియస్, తావో, బౌద్ధ, హిందూ, గ్రీకు, యూదు, క్రైస్తవ, ఇస్లాం సంప్రదాయాలు ఏ గుణాలను మెచ్చుకున్నాయో చూసి, అన్నిటా కనిపించినవాటిని ఏరారు. వివేకం, ధైర్యం, మానవత్వం, న్యాయం, నిగ్రహం, మనకంటే పెద్దదైన దానితో అనుబంధం అనే ఆరు గొడుగుల కింద మొత్తం 24 గుణబలాలు తేలాయి. కుతూహలం, హాస్యం, క్షమ, వినయం కూడా వాటిలో ఉన్నాయి.

ఒంటికి దయ, మనసుకు అందం

అదే బృందం 2006లో ఇంకో సంగతి బయటపెట్టింది. నాకు అన్నిటికంటే బాగా నచ్చింది ఇదే. రెండు వేలమందికి పైగా పెద్దవాళ్లను, గతంలో తీవ్రమైన జబ్బు ఏమైనా చేసిందా, ఇప్పుడు జీవితం ఎంత తృప్తిగా ఉంది అని అడిగారు. ఒంటి జబ్బు చేసి లేచినవాళ్లలో ధైర్యం, దయ, హాస్యం ఎక్కువగా ఉన్నవారికి ఆ జబ్బు వల్ల జీవితం మీద తృప్తి పెద్దగా తగ్గలేదు. మానసిక రుగ్మత అనుభవించినవాళ్ల దగ్గరకు వచ్చేసరికి అక్కరకొచ్చిన గుణాలు పూర్తిగా మారిపోయాయి: అందాన్ని చూసి పరవశించే గుణం, కొత్త విషయాలు నేర్చుకోవాలనే ఇష్టం.

డిప్రెషన్ నుంచి ఇప్పుడిప్పుడే బయటపడుతున్న మనిషి హార్మోనియం నేర్చుకుంటాననో, మేడ మీద గులాబీలు పెంచుతాననో అంటే, ఇంట్లోవాళ్లు ‘ముందు ఒళ్లు చూసుకో, అవన్నీ తర్వాత’ అంటారు. దయచేసి అలా అనకండి. ఆ హార్మోనియం వైద్యానికి బదులు కాదు, నిజమే. కానీ దాన్ని అడ్డుకుంటే ఆ మనిషి చేతికందిన ఊతాన్ని లాగేసినట్టే.

ఎక్కువమంది తేరుకుంటారు

పెద్ద ఘోరం చూసినవాళ్లంతా మానసికంగా కుంగిపోతారని చాలామంది అనుకుంటారు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ బొనానో అనే పరిశోధకుడు జీవితమంతా దీని మీదే పనిచేశారు. సెప్టెంబరు 11 దాడి తర్వాతి ఆరు నెలల్లో న్యూయార్క్, ఆ చుట్టుపక్కల 2,752 మందితో ఫోన్లో మాట్లాడి సేకరించిన సమాచారాన్ని ఆయన బృందం పరిశీలిస్తే, దాదాపు 65 శాతం మందిలో ఒక్క లక్షణం మించి కనిపించలేదు. దాడిని మరీ దగ్గరగా చవిచూసిన గుంపుల్లో కూడా ఇలా నిలబడ్డవాళ్లు మూడోవంతుకు తగ్గలేదు.

మిగిలినవాళ్లు బలహీనులని దీనర్థం కాదు. ఎవరు ఎంత దగ్గర్లో ఉన్నారు, ఎవరిని పోగొట్టుకున్నారు, ఉద్యోగం ఉందా పోయిందా, చేయి పట్టుకునేవాళ్లు ఉన్నారా అన్నవి గుణం కంటే ముందు లెక్కలోకి వస్తాయి.

చెప్పు, అంతా చెప్పు అని పొడవకూడదు

1980లలో ఒక పద్ధతి బాగా వ్యాపించింది. ఘోరం జరిగిన ఒకటి రెండు రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి, ఏం చూశారు, ఏం అనిపించింది అని మొదటినుంచి చెప్పించడం. అమెరికాలో అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బంది కోసం జెఫ్రీ మిచెల్ రూపొందించినదాన్నే తర్వాత చాలాచోట్ల అందరికీ వాడేశారు. బ్రిటన్‌లో రోడ్డు ప్రమాదాల్లో గాయపడి ఆసుపత్రిలో చేరినవాళ్లలో కొందరికి ఇది చేసి, కొందరికి చేయకుండా వదిలి, మూడేళ్లు ఆగి చూశారు. మొదట్లో బాగా కలత చెందినవాళ్లలో, ఏమీ చేయనివాళ్లు క్రమంగా కుదుటపడ్డారు. చెప్పించినవాళ్లు మాత్రం అలాగే ఉండిపోయారు. 2002లో ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం మేలు చేయదనీ, కీడు కూడా చేయవచ్చనీ తేల్చింది.

ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ప్రథమ చికిత్స చాలా మామూలుది. భద్రమైన చోటు చూపించడం, మంచినీళ్లు, తిండి, దుప్పటి అందించడం, అయినవాళ్ల జాడ కనుక్కోవడం, మనిషి తనంతట తాను చెబితే వినడం. గుచ్చి గుచ్చి అడగడం అందులో లేదు. ప్రమాదం జరిగిన ఇంటి ముందు మైకు పట్టుకుని తల్లిని ‘ఎలా జరిగిందమ్మా’ అని అడిగేవాళ్లకు ఈ ముక్క ఎవరైనా చెబితే బాగుండు.

దివిసీమ ఉప్పెననాటికి ఆ జబ్బుకు పేరు లేదు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేసిన సంగతి పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. బట్టలు, బియ్యం, ఇళ్లు అన్నిటి గురించీ ఆలోచన జరిగింది. గాలి వీస్తే ఉలిక్కిపడేవాళ్ల గురించి, నీళ్లు కలలోకి వచ్చి అరిచేవాళ్ల గురించి ఆలోచించడానికి అప్పటికి వైద్య గ్రంథాల్లో కూడా స్థిరమైన పేరు లేదు. ఇప్పుడు పీటీఎస్‌డీ అంటున్న ఆ రుగ్మత అమెరికా మానసిక వైద్యుల జాబితాలోకి ఎక్కింది 1980లో. అదీ వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికుల బాధ పట్టించుకోక తప్పని పరిస్థితి వచ్చాకే.

మన దేశంలో ఈ ఆలోచనకు బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దారి వేసింది. 1981లో బెంగళూరులో సర్కస్ డేరా కాలి, చనిపోయినవాళ్లలో చాలామంది పిల్లలే అయినప్పుడు అక్కడి నిపుణులు ఆ కుటుంబాల దగ్గరకు వెళ్లారు. 1984 డిసెంబరులో భోపాల్ గ్యాస్ ఘోరం తర్వాత డాక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి, ఆయన సహచరులు అక్కడి మామూలు డాక్టర్లకే మనసు సంగతి చూడటంలో శిక్షణ ఇచ్చారు. విపత్తు సాయంలో మనసు కూడా ఒక పద్దు అయింది అప్పటినుంచే.

గోడ మీద వేలి చప్పుడు

వియత్నాంలో పట్టుబడిన అమెరికన్ పైలట్లను హనోయిలోని హోవాలో జైల్లో ఒంటరి గదుల్లో పెట్టి, ఒకరితో ఒకరు మాట్లాడితే కొట్టేవారు. 1965లో పట్టుబడ్డ కార్లైల్ హ్యారిస్ అనే అధికారికి శిక్షణ రోజుల్లో ఎవరో చెప్పిన ఒక కిటుకు గుర్తొచ్చింది. ఇంగ్లీషు అక్షరాలను ఐదు వరుసలు, ఐదు నిలువు గళ్లలో పేర్చడం. ఇరవై ఆరు అక్షరాలు ఇరవై ఐదు గళ్లలో పట్టాలి కాబట్టి ‘కె’ తీసేసి, దాని పని ‘సి’కే అప్పగించారు. ముందు వరుస ఎన్నోదో అన్ని తట్లు, కాస్త ఆగి గడి ఎన్నోదో అన్ని తట్లు. రాత్రి సెలవు తీసుకునేటప్పుడు ‘దేవుడు నిన్ను చల్లగా చూడాలి’ అని చెప్పడానికి జీ, బీ, యూ అనే మూడక్షరాలు చాలు: రెండు-రెండు, ఒకటి-రెండు, నాలుగు-ఐదు. గోడకు అవతల ఉన్నవాడి ముఖం ఏళ్ల తరబడి చూడకుండానే అతని పెళ్లాంబిడ్డల కబుర్లన్నీ తెలిసినవాళ్లున్నారు. వాకిలి ఊడ్చే పని పడితే చీపురు చప్పుడుతోనే కబురు పంపేవారు. దగ్గు కూడా అక్షరమే.

1973లో విడుదలయ్యాక ఆ పైలట్లను ఏళ్ల తరబడి వైద్యులు పరీక్షిస్తూ వచ్చారు. 1980లో అచ్చయిన ఒక అధ్యయనంలో వారిలో దాదాపు 61 శాతం మంది, చెర వల్ల తమలో కొంత మంచి మార్పు కూడా వచ్చిందని చెప్పారు. చెర మంచిదని వారెవరూ అనలేదు. వచ్చిన మార్పు గురించే చెప్పారు. వాళ్ల నిబ్బరం గురించి రాసేవాళ్లు సాధారణంగా ఉక్కుగుండె అని రాస్తారు. నాకు మాత్రం ఆ గోడ మీది చప్పుడే ముందు కనిపిస్తుంది. కొడతారని తెలిసీ పక్కవాడి కోసం తట్టడం ధైర్యమే. కాకపోతే ఆ ధైర్యం స్నేహంలోంచి పుట్టింది.

చేప ముక్క రెండు చెంచాలు

2010 ఆగస్టు 5న చిలీలో శాన్ హోసే గని కూలి 33 మంది దాదాపు 700 మీటర్ల లోతున చిక్కుకుపోయారు. వాళ్లు బతికే ఉన్నారని పైవాళ్లకు తెలిసింది 17 రోజుల తర్వాత. అత్యవసరం కోసం దాచిన తిండి రెండు రోజులకు సరిపడేంతే. దాన్ని రెండేసి రోజులకొకసారి రెండు చెంచాల ట్యూనా చేప, అర కప్పు పాలు, ఒక బిస్కట్ చొప్పున పంచుకున్నారు. ఎవరికీ ఒక చెంచా ఎక్కువ లేదు. షిఫ్ట్ పెద్ద లూయిస్ ఉర్సువా పనులు పంచాడు. పెద్ద నిర్ణయాలకు తలా ఒక ఓటు. ఒకాయన ప్రార్థన చేయించేవాడు, ఒకాయన డైరీ రాసేవాడు, కాస్తో కూస్తో వైద్యం తెలిసినాయన మిగతావాళ్లను పరీక్షించేవాడు. 69 రోజులకు అందరూ పైకి వచ్చారు. ఉర్సువా అందరికంటే ఆఖరున వచ్చాడు.

మన ఉత్తరకాశీలో సిల్క్యారా సొరంగంలో 2023 దీపావళి నాడు చిక్కుకున్న 41 మంది కూలీలదీ ఇలాంటి కథే. 17 రోజులు. ఫోర్‌మన్ గబ్బర్ సింగ్ నేగీ చిన్నవాళ్లను ముందు పంపి తాను చివర వస్తానన్నాడు. సొరంగంలో ఉన్న ఖాళీ మేర నడిచారు, యోగా చేశారు, చిన్ననాటి ఆటలు ఆడారు.

ఇక్కడితో ఆపేస్తే అందమైన కథే. కానీ చిలీ గని కార్మికుల్లో చాలామందికి బయటకు వచ్చాక పీడకలలు, నిద్రలేమి, ఇంట్లో ఇమడలేకపోవడం ఏళ్ల తరబడి వెంటాడాయి. లోపల అంత గొప్పగా ప్రవర్తించినవాళ్లే వీళ్లు. మంచి గుణం ఉంటే గాయం కాదని కాదు. లోపల ఉన్నన్నాళ్లూ ఒకరికొకరు ఉన్నారు. బయటకొచ్చాక కెమెరాలు వెళ్లిపోయి, ఎవరి ఇంటికి వారు చేరి, ఎవరికి వారే మిగిలారు.

21 ప్రశ్నలు

నార్త్ కరొలినా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హౌన్ అనే ఇద్దరు, పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులతోనూ, తీవ్రంగా గాయపడినవారితోనూ ఏళ్లపాటు మాట్లాడారు. ఆ కష్టం తర్వాత కొందరిలో కనిపించిన ఎదుగుదలను కొలవడానికి 1996లో 21 ప్రశ్నల కొలబద్ద ఒకటి తయారుచేశారు. తన బలం తనకు తెలియడం, అయినవాళ్లకు దగ్గరవడం, కొత్త దారులు కనిపించడం, బతుకు విలువ తెలియడం, ఆధ్యాత్మికంగా మారడం అని ఐదు రకాలు చెప్పారు. ఎదుగుదల గాయం వల్ల కాదు, దానితో పెనుగులాడటం వల్ల వస్తుందన్నది వాళ్ల ముఖ్యమైన మాట.

దీన్ని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పెట్రీషియా ఫ్రేజియర్ గట్టిగా పరీక్షించారు. 1,500 మందికి పైగా విద్యార్థులను ముందే కొలిచి, కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలిచారు. ఈ మధ్యలో పెద్ద దెబ్బ తగిలిన 122 మందిని విడిగా చూస్తే, ‘నేను ఎదిగాను’ అని వాళ్లు చెప్పినదానికీ, ముందూ వెనకా కొలతల్లో కనిపించిన మార్పుకూ పెద్దగా పొంతన కుదరలేదు. 2009లో వచ్చిన ఈ ఫలితం మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి.

ఎదిగానని ఒక మనిషి తన గురించి చెప్పుకుంటే, దానికి ఆధారం అడగడం నాకు సబబుగా తోచదు. ఆ మాట ఆ మనిషికి నిలబడే చోటు. కానీ ‘దీనివల్ల నీకు మంచే జరుగుతుంది, చూడు’ అని పక్కవాళ్లు అనడం మాత్రం క్రూరం. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఎదుగుదల అక్కర్లేదు, బిడ్డ కావాలి.

29 శాతం

ఇజ్రాయెల్‌లో ఆరన్ ఆంటొనోవ్‌స్కీ అనే సామాజిక శాస్త్రవేత్త, మెనోపాజ్ వయసు స్త్రీల మీద ఒక అధ్యయనం చేస్తున్నారు. వారిలో నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవారూ ఉన్నారు. శిబిరాలు చూడనివారిలో 51 శాతం మంది మానసికంగా బాగున్నారు. శిబిరాల నుంచి వచ్చినవారిలో బాగున్నది 29 శాతం. అందరూ ఆ తేడాను చూస్తారు. ఆయన మాత్రం 29 దగ్గర ఆగిపోయారు. అంత నరకం చూసి, తర్వాత కాందిశీకులై, కొత్త దేశంలో యుద్ధాలు కూడా చూసి, ఇంతమంది ఎలా బాగున్నారు? జబ్బు ఎందుకొస్తుందన్న ప్రశ్న పక్కనపెట్టి, ఆరోగ్యం ఎక్కణ్నుంచి వస్తుందని ఆయన జీవితమంతా వెతికారు. జరుగుతున్నది అర్థం కావడం, దాన్ని ఎదుర్కోవడానికి తన దగ్గరో తనవాళ్ల దగ్గరో ఏదో ఒకటి ఉందనిపించడం, ఎదుర్కోవడానికి ఒక అర్థం ఉందనిపించడం. ఈ మూడూ కుదిరినవాళ్లు నిలబడతారన్నది ఆయనకు దొరికిన జవాబు.

ఒక్క పెద్ద దిక్కు

హవాయిలో కవాయి అనే దీవి. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లలందరినీ ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ బృందం దశాబ్దాలపాటు గమనిస్తూ వెళ్లింది. తీవ్రమైన పేదరికం, తాగే తండ్రి, మతి స్థిమితం లేని తల్లి, ఇంట్లో గొడవలు వంటివి ఒకదాని మీద ఒకటి పడ్డ పిల్లల్లో మూడోవంతు మంది, ఆదుకునే మనసున్న సమర్థులైన యువకులుగా ఎదిగారు. వాళ్లందరి కథల్లో ఒకే సంగతి పదేపదే వస్తుంది: తల్లిదండ్రులు కాకపోయినా సరే, ఆ పిల్లలను మనసారా దగ్గరకు తీసుకున్న ఒక పెద్ద మనిషి ఉన్నారు. అమ్మమ్మో, పిన్నో, పక్కింటివాళ్లో, బడి టీచరో. ఇంకొకటి, తమ్ముళ్లను చూసుకోవడం లాంటి ఏదో ఒక బాధ్యత వాళ్ల చేతిలో ఉంది. ఇంట్లో తాము అక్కరకొస్తున్నామని ఆ పిల్లలకు తెలుసు.

మిగిలిన రెండువంతుల సంగతి చాలామంది రాయరు. పదహారు, పద్దెనిమిదేళ్లప్పుడు చెడిపోయారనుకున్న వాళ్లలో ఎక్కువమంది ముప్పై, నలభై ఏళ్లు వచ్చేసరికి కుదురుకున్నారు. మళ్లీ చదువుకోవడం, స్థిరమైన తోడు దొరకడం, ఒక ఉద్యోగం, ఒక ప్రార్థనా సమాజం దారి మళ్లించాయి. పద్దెనిమిదేళ్లకే ఒక పిల్లాడి మీద తీర్పు రాసేయడం ఎంత తొందరపాటో ఈ దీవి చెబుతుంది.

మయూరి కాలు

1981లో బస్సు ప్రమాదంలో గాయపడ్డ కాలికి గ్యాంగ్రీన్ సోకి, సుధా చంద్రన్ అనే పదహారేళ్ల నర్తకి ఆ కాలిని పోగొట్టుకుంది. అదే ఏడాది జైపూర్ కాలు అనే కృత్రిమ కాలి రూపకర్తల్లో ఒకరైన డాక్టర్ పి.కె. సేఠీకి మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ కాలికి రూపం ఇవ్వడంలో ఆయనతో కలిసి పనిచేసినది రామచంద్ర శర్మ అనే శిల్పి. సుధ ఆ కాలు పెట్టించుకుని, తెగిన కాలి చివర ఒరిసి నెత్తురు కారుతున్నా సాధన చేసి, మళ్లీ వేదిక ఎక్కింది. ఆ కథనే సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో రామోజీరావు ‘మయూరి’గా తెలుగులో తీశారు. నాయిక పాత్రలో సుధా చంద్రనే నటించింది. ఈ కథ చెప్పేటప్పుడు అందరూ పట్టుదల దగ్గరే ఆగుతారు. నృత్యం మీద ఆ అమ్మాయికి అంత ప్రేమ లేకపోతే పట్టుదల దేనికోసం?

పదిహేను నిమిషాలు, నాలుగు రోజులు

1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే ఆచార్యుడు 46 మంది విద్యార్థులకు కాగితాలిచ్చి నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయమన్నాడు. కొందరు మామూలు విషయాలు, కొందరు తమ జీవితంలోని అతి పెద్ద బాధ. బాధ గురించి జరిగిందీ, అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు ఆ రోజుల్లో మరింత దిగులుపడ్డారు. కానీ తర్వాతి ఆరు నెలల్లో కాలేజీ వైద్యశాలకు తక్కువసార్లు వెళ్లారు. తర్వాత జరిగిన వందలాది అధ్యయనాల్లో ఫలితం చిన్నదిగానే తేలింది, అయినా తేలింది. ఇంకో సంగతి, రోజులు గడిచేకొద్దీ రాతలో ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమైంది’ వంటి మాటలు పెరిగినవాళ్లకే మేలు ఎక్కువ. చెప్పించడం కీడు చేసిందనీ, రాయడం మేలు చేసిందనీ చెబితే పొంతన లేనట్టు అనిపించవచ్చు. తేడా సమయంలో ఉంది, ఇష్టంలో ఉంది. ఎప్పుడు, ఎంత, ఎవరికి అన్నది బాధపడ్డవాళ్ల చేతిలో ఉండాలి.

క్షమ అంటే రాజీ కాదు

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎన్‌రైట్, సుజాన్ ఫ్రీడ్మన్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో 12 మంది స్త్రీలు ఉన్నారు. అందరూ చిన్నతనంలో సొంత బంధువుల చేతుల్లో లైంగిక హింసకు గురైనవారే. వారంవారం ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, సగటున 14 నెలలు క్షమ గురించి పనిచేశారు. దిగులు, ఆందోళన తగ్గాయి, ఆశ పెరిగింది. మొదటి మెట్టు కోపాన్ని దాచకుండా బయటపెట్టడం. జరిగింది తప్పు కాదని అనడం క్షమ కాదు, మళ్లీ ఆ మనిషిని ఇంట్లోకి రానివ్వడం కాదు, కేసు వదులుకోవడం కాదు. ఎవరో కుటుంబ పెద్ద, పరువు కోసం ‘క్షమించెయ్, మరిచిపో’ అనడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. 14 నెలల పనిని ఒక్క సాయంత్రం పంచాయితీలో చేయించలేరు.

కోపానికీ పని ఉంది

24 గుణాల జాబితాలో కోపం లేదు. కానీ హైదరాబాద్‌లో 1996లో ‘ప్రజ్వల’ను స్థాపించిన సునీతా కృష్ణన్, పదిహేనేళ్ల వయసులో తన మీద జరిగిన సామూహిక అత్యాచారం గురించి బహిరంగంగానే చెప్పారు. బాధ కంటే తనలో మిగిలింది కోపమేననీ చెప్పారు. మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటిక నుంచి వెళ్లగొట్టిన స్త్రీల పిల్లల కోసం ఒక బడితో మొదలైన ఆ సంస్థ, అమ్మకానికి గురైన వేలమంది అమ్మాయిలను విడిపించింది. న్యాయం కోసం నిలబడే గుణానికి కొన్నిసార్లు కోపమే నూనె పోస్తుంది.

బాధ నుంచి పరోపకారం పుట్టడం మీద చాలా రాసిన ఎర్విన్ స్టాబ్ కూడా ఇలాంటివారే. హంగరీలో యూదు బాలుడిగా నాజీల చేతికి చిక్కకుండా బతికారు. ఇంట్లో పనిచేసే ఒక స్త్రీ తన ప్రాణాలకు తెగించి ఆ కుటుంబాన్ని ఆదుకుంది. పెద్దయ్యాక ఆయన రువాండా వెళ్లి, నరమేధం తర్వాత అక్కడి జనం మళ్లీ కలిసి బతకడం కోసం 2004లో మొదలైన రేడియో నాటకానికి తోడ్పడ్డారు.

ముందే నూరిపోయవచ్చా?

2009లో అమెరికా సైన్యం ఒక పెద్ద ప్రయత్నం చేసింది. యుద్ధానికి వెళ్లకముందే ఈ గుణబలాలను సైనికులకు నేర్పితే మనసు దెబ్బతినదేమోనని లక్షలమందికి శిక్షణ ఇచ్చింది. 2014లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నిపుణులు లెక్క చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆశ్చర్యం ఏముంది? పవర్ పాయింట్‌తో స్నేహం రాదు.

ఆట పెట్టె

గుణంతో సంబంధం లేని చిన్న విశేషం ఒకటి. ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రిలో రోడ్డు ప్రమాదం జరిగిన ఆరు గంటల్లోపు 71 మందిలో కొందరికి, జరిగింది ఒక్కసారి తలుచుకున్నాక టెట్రిస్ ఆట ఇచ్చారు. తర్వాతి వారంలో ప్రమాద దృశ్యాలు కళ్ల ముందుకు దూసుకురావడం వారిలో 62 శాతం తగ్గింది. రంగు దిమ్మెలు పేర్చే పనిలో పడ్డ మెదడుకు ఆ బొమ్మలను గట్టిగా ముద్రించుకునే తీరిక ఉండదన్నది ఎమిలీ హోమ్స్ బృందం వివరణ.

హరారే అమ్మమ్మల బెంచీ

జింబాబ్వేలో కోటిన్నరకు పైగా జనాభా, మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది. వారిలో ఒకరైన డాక్టర్ డిక్సన్ చిబాండా దగ్గర వైద్యం పొందవలసిన ఒక యువతి బస్సు చార్జీలు లేక ఆసుపత్రికి రాలేకపోయింది, ఆత్మహత్య చేసుకుంది. ఆయన్ను ఆ సంఘటన నిలవనివ్వలేదు. 2005లో ప్రభుత్వం మురికివాడలను కూల్చి లక్షలమందిని రోడ్డున పడేసిన రోజులవి. ఇలాంటివాళ్లకు దగ్గర్లోనే సాయం అందించాలని 2006లో పూనుకుంటే ఆయనకు డబ్బూ దొరకలేదు, గదీ దొరకలేదు, నర్సులూ దొరకలేదు. దొరికింది 14 మంది అమ్మమ్మలు. ఊరి ఆరోగ్య కార్యకర్తలుగా అప్పటికే వాళ్లను అందరూ ఎరుగుదురు. క్లినిక్ బయట చెట్టు కింద ఒక చెక్క బెంచీ వేశారు.

అమ్మమ్మ ముందు వింటుంది. తర్వాత ఉన్న కష్టాలన్నీ వరసగా చెప్పించి, అందులోంచి ఒక్కటే ఎంచుకోమంటుంది. భర్త చేయి చేసుకోవడం, ఇంటి అద్దె, హెచ్ఐవీ మందులు, కొడుకు చదువు అన్నీ ఉన్నా, ఈ వారానికి ఒక్కటి. దానికి చేయగలిగిన చిన్న పని ఏమిటో ఇద్దరూ కలిసి తేల్చుకుంటారు. వచ్చే వారం మళ్లీ అదే బెంచీ. మొత్తం ఆరుసార్లు. ‘కుఫుంగిసిసా’ అంటారు అక్కడ, అతిగా ఆలోచించడం అనే అర్థంలో. డిప్రెషన్ అంటే ఎవరూ రారు, ఆలోచనలు ఎక్కువయ్యాయంటే వస్తారు.

2016లో 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. ఆరు నెలల తర్వాత, మామూలు వైద్యం పొందినవారిలో సగం మందికి డిప్రెషన్ లక్షణాలు ఉంటే, బెంచీ మీద కూర్చున్నవారిలో 14 శాతం మందికే ఉన్నాయి. ఆ తర్వాత ఇంకో సంగతి గమనించారు. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు కోలుకున్నాక గుంపుగా కూడి, సంచులు అల్లుతూ కబుర్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ బెంచీ మీద కూర్చునే అమ్మమ్మలకు కూడా సొంత దుఃఖాలు తక్కువేమీ కాదు. ఆశ, దయ, వివేకం అని 800 పేజీల గ్రంథంలో రాసినవన్నీ వాళ్లలో ఉన్నాయి.

14416

మన దగ్గర 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ మొదలుపెట్టింది. నంబరు 14416. ఏ వేళనైనా చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. దెబ్బ తగిలిన కొన్ని వారాల తర్వాత కూడా నిద్ర పట్టకపోయినా, ఆ చోటికి వెళ్లాలంటే వణుకు పుడుతున్నా, బతకాలనిపించకపోయినా ఫోన్ చేయండి. అయినవాళ్ల కోసం కూడా చేయవచ్చు. అన్నయ్య ప్రమాదం తర్వాత గదిలోంచి బయటకు రావడం లేదు, ఏం చేయాలి అని అడగవచ్చు.